ఆరున్నర అడుగుల గీత

ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్నారంటూ ఈస్ట్ షోర్ టెన్నిస్ క్లబ్బుకి నోటీసు అందిన పధ్నాలుగు నెలలకి, క్లబ్బు పెద్దలకి అసలు ఆక్రమణదారుడు దొరికాడు. అతని పేరు సింహాద్రి. క్లబ్బు మార్కరు. టెన్నిస్ కోర్టులు తయారుచేయడం, మెంబర్లకి బంతులు అందించడం, జోడీ దొరకనివాళ్లతో తానే ఆడటం మార్కరు పని. ఆరేళ్లుగా అక్కడ ఎవరూ ఆడటం లేదు కాబట్టి అతను సోడాలు అందిస్తున్నాడు.

"ఇది గవర్నమెంటు స్థలమయ్యా. ఇందులో నువ్వు కాపురం పెట్టుకుని కూర్చుంటే ఎలా?" అన్నాడు సెక్రటరీ కృష్ణంరాజు.

సోమవారం, ఉదయం పదకొండు గంటలు. రమ్మీ హాల్లో ఆరు టేబుళ్లూ నిండి ఉన్నాయి. కృష్ణంరాజు చేతిలో పదమూడు ముక్కలున్నాయి. చట్టం గురించి మాట్లాడుతూనే ఇస్పేటు రాణిని పారేశాడు.

సింహాద్రి సోడాల ట్రే కింద పెట్టలేదు. "ఆ రేకుల గది క్లబ్బే ఇచ్చింది కదా బాబూ. మార్కరు కోర్టుల పక్కనే ఉండాలని."

"ఇచ్చినట్టు కాగితం ఉందా?"

"కాగితం... క్లబ్బుకి మాత్రం ఉందేటి బాబూ?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. కానీ పక్క టేబులు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. కృష్ణంరాజు ముక్కలు బోర్లా పెట్టాడు.

క్లబ్బు కాగితానికి గడువు తీరి పంతొమ్మిదేళ్లయింది. హార్బరు వైపు దిగే కొండవాలులో రెండున్నర ఎకరాలు, ముప్ఫై ఏళ్ల లీజు, టెన్నిస్ ఆటకి మాత్రమే అని షరతు. ఇప్పుడు ఒకటో కోర్టులో కార్లు నిలుపుతున్నారు. రెండో కోర్టులో పెళ్లిళ్లకి స్టేజీ కడుతున్నారు. మూడో కోర్టులో జనరేటరు, దాని చుట్టూ ఖాళీ బీరు కేసులు. ఆట లేదు కాబట్టి భూమి వదలమంది ప్రభుత్వం. మూడు కోర్టుల్లోనూ రోజుకి అరవైమంది ఆడుతున్నామని ప్రమాణపత్రం దాఖలు చేసింది క్లబ్బు. కింద సంతకం కృష్ణంరాజుది. జడ్జిగారు ఎవరి మాటా నమ్మలేదు. వెళ్లి కళ్లతో చూసి రమ్మని ఒక లాయరుని కమిషనరుగా నియమించారు. తనిఖీ శనివారం పది గంటలకి.

"లీజులో ఎవరూ కాపురం ఉండకూడదని రాసుంది," అన్నాడు కృష్ణంరాజు. "కమిషనరు వచ్చేసరికి నీ గది కనపడకూడదు. బుధవారానికి ఖాళీ చేసెయ్. కేసు గెలిచాక స్లాబు గది కట్టిస్తాం. నా మాట."

"మరి కోర్టులు బాబూ?"

"ఆఁ, అవి కూడా. శనివారానికి తయారు చెయ్యి."

సింహాద్రి ట్రే కింద పెట్టాడు. ఆ మాట విని ఆరేళ్లయింది. చేతివేళ్లు తువ్వాలుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"పది రోజులు పడతాది బాబూ."

"ఐదు రోజులుంది."

"ఐదు రోజులకి అవదండి. పైన గట్టిపడిన పొర తవ్వాల. పుట్టమన్ను జల్లించి పొయ్యాల. తడిపి నానబెట్టి రోలరు లాగాల. ఎండకి పగుల్లొత్తాది, మల్లీ తడపాల, మల్లీ లాగాల. పేడనీల్లు కొట్టాల. అప్పుడు గాని బంతి లేవదు. దానికంటే ముందు మూలమేకులు ఎతకాల. గీతలు ఎక్కడ గియ్యాలో సెప్పేవి అవే. భూమిలోన..."

"బంతి లేవక్కర్లేదయ్యా, ఫోటో బాగా వస్తే చాలు," అన్నాడు అర్జునరావు.

హాలంతా నవ్వింది. అర్జునరావు క్లబ్బు ఉపాధ్యక్షుడు, ఇరవై రెండేళ్ల మెంబరు. ఆ ఇరవై రెండేళ్లలో టెన్నిస్ కోర్టులోకి కారుతో తప్ప కాలితో దిగలేదు.

కృష్ణంరాజు అప్పటికే ఫోను తీశాడు. అవతల అతని బావమరిది సాయిశంకర్. గోపాలపట్నంలో పెళ్లిళ్ల డెకరేషన్ చేస్తాడు. స్పీకరులో అతని గొంతు హాలంతా వినిపించింది. "రెండు రోజులు చాలు బావా. పెళ్లికూతురు కంటే ముస్తాబుగా ఉంటాయి."

"విన్నావా?" అన్నాడు కృష్ణంరాజు సింహాద్రితో. "నువ్వు పది రోజులంటావు. అందుకే నువ్వు ఇంకా సోడాలు మోస్తున్నావు."

మంగళవారం మధ్యాహ్నానికే జేసీబీ వచ్చింది. బుధవారం దాకా ఆగడానికి వీల్లేదట, దానికి వేరే చోట పని ఉందట. సింహాద్రి పెళ్లాం చిలకమ్మ పొయ్యి మీదున్న అన్నం గిన్నెని అలాగే గుడ్డతో పట్టుకుని బయటికొచ్చి, మల్లెతీగ పక్కన రాయి మీద పెట్టింది.

"గవర్నమెంటు జాగాలోన మూడొందలమంది పెద్దమనుసులు కూకున్నారు. మనిద్దరమే కనపడ్డామేటి ఈల్లకి?" అంది మొగుడితో.

"గెలిత్తే స్లాబు గది కట్టిత్తారట."

"ఆల్లు కట్టిత్తారు, నువ్వుంటావు. సోడాలు మోసీ మోసీ బుర్ర కూడా గ్యాసైపోనాది నీకు."

రేకులు ఒక్కొక్కటే దిగాయి. అటక మీది సామానులో రెండు పాత చెక్క రాకెట్లు బయటపడ్డాయి. ఒకదానికి తీగలు సగం లేవు. చిలకమ్మ వాటిని ఎత్తి చూపింది. "ఈటినేటి సెయ్యను? పొయ్యిలో ఎట్టనా?"

"ఉంచు."

"తీగల్లేని రాకెట్టుతోటి ఏటాడతావు?"

"ఆడ్డానికి కాదే." సింహాద్రి వాటిని తీసుకుని ఒకదాన్ని నేల మీద నిలువుగా నిలబెట్టాడు. రెండోదాని తలని దాని మీద అడ్డంగా ఆనించాడు. "నెట్టు నడుమ ఎత్తు ఇదే. మూడడుగులు. ఒక నూలు అటూ ఇటూ అవదు. టేపు పట్టకుండా నెట్టు కడతాం మేం."

"ఇప్పుడెవులు కట్టమన్నారు నిన్ను?"

సింహాద్రి రాకెట్లని మూటలో దోపాడు. జేసీబీ గోడని నెట్టింది. ప్రహరీ మీద పొయ్యి మసి మాత్రం మనిషెత్తు మిగిలింది. ఆ రాత్రికి వాళ్లు మల్కాపురంలో చిలకమ్మ అక్క ఇంటి వరండాలోకి చేరారు. వరండా పొడవు సింహాద్రి పొడవు కంటే జానెడు ఎక్కువ. రిఫైనరీ వాసన తలుపు లేని ఇంట్లోకి వచ్చినట్టు వచ్చింది.

బుధవారం సాయిశంకర్ రెండు ట్రాక్టర్ల గ్రావెలు దింపించాడు. కార్లు, స్టేజీ, జనరేటరు రోడ్డు అవతలికి పోయాయి. బ్లేడు ట్రాక్టరు మూడు కోర్టుల మీదా ఒకే ఊపులో తిరిగింది. దాని వెనక నీళ్ల గొట్టం పట్టుకుని నడుస్తున్న సింహాద్రి కాలికి ఏదో తగిలింది. వంగి తీశాడు. జానెడు పొడవు ఇనుప మేకు. మూలమేకు. దాని తల మీద ఇంకా సున్నం ఉంది.

"బాబూ, ట్రాక్టరు ఆపండి. మేకులు లేచిపోతన్నాయి. ఇవి పోతే గీత తెలీదండి."

సాయిశంకర్ చలువ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "తాతా, మేకులెందుకు? మొత్తం ఫోన్లో ఉంది." ఫోను తెర అతని ముఖం ముందు పెట్టాడు. "చూడు. కొలతలతో సహా. నెట్ దగ్గర గీత ఆరున్నర అడుగులు, వెనక డబుల్ గీత. మొన్న ఒక అపార్టుమెంటు ఫంక్షన్లో ఇదే గీశాం. అదిరిపోయింది."

సింహాద్రి తెరని చూశాడు. అది షటిల్ బ్యాడ్మింటన్ కోర్టు.

"బాబూ, ఇది టెన్నీసు..."

"టెన్నిసే తాతా. పెద్ద సైజులో గీస్తాం, అంతే తేడా. నువ్వు నీళ్లు కొట్టు."

శుక్రవారం సాయంత్రానికి గ్రావెలు మీద ఎర్రరంగు పొడి చల్లారు. పెళ్లిపందిట్లో ముగ్గులు వేసే ఇద్దరు ఆడవాళ్లు తాడు పట్టి గీతలు గీశారు. బయటి చట్రం మాత్రం టెన్నిస్‌దే, డెబ్భై ఎనిమిది అడుగులు. లోపలంతా షటిల్. నెట్‌కి ఇరవై ఒక్క అడుగుల దూరంలో ఉండాల్సిన గీత ఆరున్నర అడుగుల్లోనే ఉంది. బేస్‌లైనుకి రెండున్నర అడుగులు లోపల, అవసరమే లేని మరో గీత. మెంబర్లు మేడ మీద వరండాలో నిలబడి, గ్లాసులు పట్టుకుని చూశారు. ముప్ఫైమందికి పైగా ఉన్నారు. గీతలు తెల్లగా ఉన్నాయి, తిన్నగా ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

సింహాద్రి మెట్లెక్కి కృష్ణంరాజు దగ్గరికి వెళ్లాడు. "బాబూ, ఒక్క మాట. ఆ గీతలు..."

"నీ ఏడుపు నాకు తెలుసులే. నీ చేత చేయించలేదని." కృష్ణంరాజు వేలు చూపించాడు. "రేపు విను. అడిగితేనే మాట్లాడు. అడగనిది చెప్పావో, స్లాబు గది సంగతి మర్చిపో. నోరు తెరవొద్దు. అర్థమైందా?"

"అర్థమైంది బాబూ."

"ఎక్కడుంటావంటే?"

"మల్కాపురమండి."

"శభాష్."

శనివారం తెల్లవారేసరికి పోర్టు బొగ్గుదుమ్ము ఎప్పటిలాగే గీతల మీద వాలింది. సింహాద్రి మెత్తచీపురు తీసుకుని, తెలుపు చెదరకుండా పైపైన ఊదినట్టు ఊడ్చుకుంటూ పోయాడు. తప్పుగీతల్ని కూడా అంతే శ్రద్ధగా ఊడ్చాడు. ఆ పని ఇంకోలా చేయడం అతనికి రాదు.

పది గంటలకి కమిషనరు వచ్చింది. పేరు మధులత. ముప్ఫై అయిదేళ్లుంటాయి. నూలు చీర, చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన తెల్లకాగితాలు. ప్రభుత్వం తరఫున సర్వేయరు కోటి టేపుతో వచ్చాడు. క్లబ్బు తరఫున పధ్నాలుగుమంది మెంబర్లు తెల్లనిక్కర్లలో నిలబడ్డారు. బూట్లన్నీ కొత్తవి. ఎర్రపొడి అంటుకుని అప్పుడే పారాణి పెట్టినట్టయ్యాయి. అర్జునరావు రాకెట్టు పిడికి ప్లాస్టిక్ తొడుగు ఇంకా ఉంది.

"నాకు టెన్నిస్ తెలీదండీ," అంది మధులత ముందే. "అందుకని ప్రతిదీ అడుగుతాను. మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. చివర్లో చదివి సంతకం పెడుదురుగాని. ఏమీ అనుకోవద్దు."

కృష్ణంరాజు ముఖం వెలిగింది. "అయ్యో, ఎంతమాట మేడం. అన్నీ దగ్గరుండి చెప్తాం."

అర్జునరావు బంతి వేశాడు. మొదటిది నెట్‌లో పడింది. రెండోది నెట్ దాటి గ్రావెల్లో పడి, పడ్డచోటే ఆగిపోయింది. అవతలివాడు రాకెట్టు ఎత్తి చాలాసేపు ఎదురుచూశాడు.

"బంతి పైకి లేవదాండీ?" అంది మధులత.

"స్లో కోర్టు మేడం," అన్నాడు అర్జునరావు ఆయాసపడుతూ. "విదేశాల్లో అంతా ఇదే."

ఆమె రాసుకుంది. కోటి టేపు పరిచి అంకెలు గట్టిగా చదివాడు. "నెట్టు కాణ్ణించి మొదటి గీతకి ఆరడుగుల ఆరంగులాలు మేడం!"

"ఈ గీత దేనికండీ?"

కృష్ణంరాజు ఒక్క క్షణం అర్జునరావు వైపు చూశాడు. అర్జునరావు గీత వైపు చూశాడు. సింహాద్రి వాళ్లకి రెండడుగుల వెనక నీళ్లసీసాల బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడున్నవాళ్లలో ఆ ఆట తెలిసినవాడు అతనొక్కడే. ఎవరూ అతని వైపు చూడలేదు.

"సర్వీస్ లైను మేడం," అన్నాడు కృష్ణంరాజు. "ఇక్కడ నిలబడి సర్వీసు చేస్తాం."

"నెట్‌కి ఇంత దగ్గర్నుంచా?"

"అలవాటైపోతుంది మేడం. రోజూ ఆడతాం కదా."

ఆమె రాసింది. నిలబడే చోటుని ఫోటో తీస్తానంటే, కృష్ణంరాజు స్వయంగా ఆ గీత మీద నిలబడి, రాకెట్టు ఎత్తి, నవ్వాడు.

"మరి వెనక ఈ రెండో గీత?"

"అది సీనియర్ సిటిజన్లకండీ," అన్నాడు అర్జునరావు. అతనికి ధైర్యం వచ్చేసింది. "పెద్దవాళ్లు అక్కడిదాకా పరిగెత్తలేరని వాళ్లకి రెండున్నర అడుగులు తగ్గించాం. క్లబ్బు పాలసీ."

మెంబర్లు తలలూపారు. ఒకరిద్దరు ఆ పాలసీని మెచ్చుకున్నారు కూడా.

మధులత కోర్టు చివరిదాకా నడిచి ప్రహరీ దగ్గర ఆగింది. మనిషెత్తు మసి. పక్కన తెగిన మల్లెతీగ. "ఇక్కడేం ఉండేది?"

"స్టోర్ రూము మేడం."

ఆమె మసి వైపు ఇంకాసేపు చూసి సింహాద్రి వైపు తిరిగింది. "మీరు?"

"మార్కర్నండి. కోర్టులు సూసుకుంతాను."

"ఎక్కడుంటారు?"

కృష్ణంరాజు దగ్గాడు.

"మల్కాపురమండి." అది అబద్ధం కాదు. నాలుగు రోజులుగా నిజం.

"ఈ గీతలు మీరు గీసినవేనా?"

సింహాద్రి బుట్టని రెండో చేతిలోకి మార్చుకున్నాడు. స్లాబు గది, వరండా, జానెడు ఎక్కువ పొడవు. అన్నీ ఆ ఒక్క జవాబు వెనక వరసగా నిలబడ్డాయి.

"నాను గియ్యలేదండి."

"మరెవరు గీశారు?"

అతను నోరు తెరిచేలోపే కృష్ణంరాజు ముందుకొచ్చేశాడు. "కొత్తగా గీసిందేం లేదు మేడం! క్లబ్బు పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న గీతలే ఇవి. వీళ్లు రోజూ సున్నం వేస్తారంతే. నలభై తొమ్మిదేళ్లుగా ఇవే గీతలు, ఇదే చోట, ఇదే కొలత."

"అలాగే రాసుకోమంటారా?"

"రాసుకోండి మేడం. ఒత్తి రాసుకోండి."

ఆమె రాసి, మొత్తం చదివి వినిపించింది. గ్రావెలు, బంతి, ఆరున్నర అడుగులు, సీనియర్ సిటిజన్లు, నలభై తొమ్మిదేళ్లు. ఐదు పేజీలు. కృష్ణంరాజు ప్రతి పేజీ కిందా బంగారు కలంతో సంతకం పెట్టాడు. సాక్షిగా అర్జునరావు పెట్టాడు. కోటి పెట్టాడు. మార్కరుని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం రమ్మీ హాల్లో బిర్యానీ, బీరు. జనరేటరు అప్పుడే వెనక్కి వచ్చేసింది. కృష్ణంరాజు ఒక పొట్లం సింహాద్రి చేతిలో పెట్టి భుజం తట్టాడు. "బుద్ధిగా ఉన్నావయ్యా. ఎలా ఉన్నాయి మావాడు వేసిన కోర్టులు?"

"మీరు ఆడే ఆటకి సరిగ్గా సరిపోయాయి బాబూ," అన్నాడు సింహాద్రి.

కృష్ణంరాజు అది పొగడ్తే అనుకున్నాడు.

మంగళవారం పొద్దున్న ఏడింటికి మల్కాపురంలో ఫోను మోగింది. చిలకమ్మ వరండా చివర కూర్చుని కత్తిపీట ముందు కవళ్ల చేపలు తోముతోంది. సింహాద్రి ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. అంత గట్టిగా వినబడుతోంది.

"సింహాద్రీ... నాయనా... నీకు టెన్నిస్ వచ్చు కదూ?"

"వచ్చు బాబూ."

"ఆ గీతలు తప్పా?"

"తప్పేనండి."

"అన్నీనా?"

"బయటి సట్రం బాగానే ఉందండి. లోపలంతా షటిలు."

అవతల ఎవరో తిట్టుకోవడం వినిపించింది. సాయిశంకర్ పేరు రెండుసార్లు వచ్చింది. విషయం ముక్కలు ముక్కలుగా బయటపడింది. కమిషనరు నివేదిక నిన్న దాఖలైంది. ప్రభుత్వ లాయరు టెన్నిస్ నియమాల పుస్తకంలోని బొమ్మని, రాజుగారు నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో రాకెట్టు ఎత్తి నవ్వుతున్న ఫోటోని ఒకే పేజీలో అతికించి పెట్టాడట. ఆ పేజీ నిన్న రాత్రికే ఊళ్లో అందరి ఫోన్లలోకీ ఎక్కేసిందట. రాజుగారి అల్లుడు కూడా ఫార్వర్డు చేశాడట.

"నా పక్కనే ఉన్నావు కదయ్యా!" కృష్ణంరాజు గొంతు చించుకున్నాడు. "మరెందుకు చెప్పలేదు?"

"మీరే నోరు తెరవొద్దన్నారు బాబూ."

మళ్లీ మాట్లాడినప్పుడు కృష్ణంరాజు గొంతు మెత్తబడింది.

"సరే, అయిపోయిందేదో అయిపోయింది. మన లాయరు గారు ఒక దారి చెప్పారు. ఆ మేడం కొలతలు తప్పు తీసిందని పిటిషను వేస్తాం. శుక్రవారం మళ్లీ తనిఖీ అడుగుతాం. ఈలోపు నువ్వొచ్చి అసలైన గీతలు గీసెయ్యాలి. అసలైన కోర్టు. నీ పాతపద్ధతిలోనే, పుట్టమన్ను, పేడనీళ్లు, ఏం కావాలన్నా తెప్పిస్తా. ఉద్యోగం పర్మనెంటు చేస్తా. స్లాబు గది రేపే మొదలుపెట్టిస్తా. కాగితం రాసిస్తా నీకు, వింటున్నావా, కాగితం!"

సింహాద్రి వరండా గోడకి ఆనించిన మూట వైపు చూశాడు. రెండు రాకెట్ల పిడులు బయటికి కనిపిస్తున్నాయి. వాటి పక్కన గుడ్డలో చుట్టిన మూలమేకులు. ట్రాక్టరు వెనక నడుస్తూ ఏరినవి, ఇరవై రెండు. మిగతా రెండు ఎక్కడ పాతి ఉన్నాయో అతనికి తెలుసు.

"గది ఏ జాగాలో కట్టిత్తారు బాబూ?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

చిలకమ్మ చేప పక్కన పెట్టి, పొలుసులంటిన చేతుల్తోనే మొగుడి ముఖం చూస్తోంది. కాగితం అన్న మాట ఆమెకి కూడా వినబడింది. నిద్రలో కాలు చాపితే గుమ్మానికి తగిలే ఈ వరండా ఇంకెన్నాళ్లో ఆమెకి తెలీదు. మళ్లీ చేప అందుకుంది.

"సరే, గది సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు కృష్ణంరాజు. "ముందు కోర్టు. శుక్రవారానికి. ఎంత తొందరగా చెయ్యగలవో చెప్పు. ఏ మాటా దాచకు. నిన్నే అడుగుతున్నాను."

అడిగినదానికి సింహాద్రి జవాబు చెప్పాడు.

"పది రోజులు పడతాది బాబూ."